రెండు శృతి

రాత్రి పదకొండు దాటితేగానీ
కావలిలో కరెంటు కుదురుగా నిలబడదు.
అప్పుడు కూర్చుంటాను.
ఫ్యాను ఆపేస్తాను. ట్యూబులైటు ఆపేస్తాను.
పక్క వాటాలో మస్తాన్‌బీ ఫ్రిజ్ ఒక్కటే నా మాట వినదు,
అది మొదలెట్టినప్పుడల్లా
టేపులో తుమ్మెద వచ్చి వాలుతుంది.
గోడ పక్కన గుంట తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి
రాగి తీగ పాతిన రోజునుంచి
ఆ తుమ్మెద కాస్తా దోమయింది.

వైరు మైకు బొక్కలో గుచ్చకూడదు,
పక్కనున్న నీలం బొక్కలో గుచ్చాలి.
ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి
నాలుగు పెళ్ళిళ్ళు పాడుచేశాను.
ముల్లు ఎర్రగీతని తాకకూడదు.
డోలు దెబ్బ ఒక్కటి అంచు దాటిందా,
అది పగిలిన కుండే,
ఏ సాఫ్ట్‌వేరూ అతికించదు.

అయినా ఇదంతా ఎవరికి కావాలి?
పెళ్ళి సీడీ అంటే
తాళి కట్టేటప్పుడు ఒక సినిమా పాట,
అప్పగింతలప్పుడు ఇంకో సినిమా పాట.
పందిట్లో ఎవరేం వాయించారో
పెళ్ళికొడుక్కే గుర్తుండదు.
కింది శబ్దాన్ని సున్నాకి లాగేసి
పైన పాట పరిచేది నేనే.
అట్లా రెండొందల సన్నాయిల నోరు నొక్కాను.

పెంచలనరసయ్య వచ్చిందందుకే,
జలదంకి నుంచి బస్సులో, చంకలో సన్నాయి సంచీతో.
"ముసునూరు పెళ్ళిలో మేం వాయించినాం గదయ్యా,
సీడీలో మా బుగ్గలు పొంగేది కనపడతా ఉండాది,
ఇనపడేది మాత్రం ఎవురో ఆడమనిషి పాట.
నాది నాకు కావాల."

అసలు క్యాసెట్టు అటక మీద దొరికింది, కాస్త బూజుతో.
స్పిరిటు గుడ్డతో హెడ్డు తుడిచి
ఒక రాత్రి ఎక్కించాను, ఒక రాత్రి కుదించాను.
నూట ఇరవై ఎనిమిది చాలన్నాడు దుకాణం రఫీ.
రెండొందల ఇరవై నాలుగు పెట్టాను.
సన్నాయిని మరీ కుదిస్తే
నీళ్ళల్లో మునిగి వాయించినట్టు గుడగుడలాడుతుంది.

మూడో రోజు వచ్చి కూర్చున్నాడు.
మొదటి ఊపిరికే చెయ్యెత్తాడు.
"ఇది నాది కాదు."
"నీదే. చూడు, నీ ఉంగరం."
"ఉంగరం నాదే. శృతి నాది కాదు.
నాది రెండు. ఇది ఒకటికీ ఒకటిన్నరకీ నడుమ
యాడో దిగబడి ఉండాది."

నవ్వబోయాను.
సెట్టింగులు తెరిచి చూస్తే
నలభై ఎనిమిది వేలతో ఎక్కించినదాన్ని
మార్చకుండా, పేరు మాత్రం మార్చి
నలభై నాలుగు వేల నూరని రాసేశాను.
సెకనుకి మూడు వేల తొమ్మిది వందల తునకల తేడా.
నా చెవి పట్టలేదు.
మొన్న బిట్రగుంట పెద్దాయన
పెదాలకీ మాటకీ పొంతన లేదంటే
తప్పు క్యాసెట్టుదని చెప్పి పంపాను.
ఇతనికి ఈ లెక్కలేవీ తెలియవు,
గొంతులో ముల్లు దిగినవాడిలా
మెడ తిప్పుకుంటున్నాడు, అంతే.

మళ్ళీ మొదటినుంచి.
కంప్యూటరు రాత్రంతా మూలిగింది.
పొద్దున పినాకిని కూతేసే వేళకి అయింది.

విన్నాడు. కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు.
తలంబ్రాల దగ్గర ఒక్కచోట
"ఇక్కడ ఊపిరి జారింది" అన్నాడు.
"తీసెయ్యనా?"
"తీస్తే మా మాల్యాద్రి డోలు దెబ్బ యాడ పెడతాడు?
ఉండనీ."

నెల తర్వాత పని మీద జలదంకి పోతే
టీ బంకులో అదే సీడీ.
అరచేతంత టీవీ, చిరిగిన స్పీకరు.
నా రెండొందల ఇరవై నాలుగూ, ఉప్పూ బొగ్గూ,
చెమటలు పట్టిన రాత్రులూ
ఆ చిరుగులోంచి కారిపోతున్నాయి.
డోలు, అట్టపెట్టె మీద వేళ్ళతో కొట్టినట్టుంది.
సన్నాయికి జలుబు చేసింది.

బల్ల మీద పెంచలనరసయ్య
సంచీలోంచి సన్నాయి తీసి, పీక తడిపి
టీవీ పక్కన ఒక్క ఊపిరి ఊదాడు.
రెండూ ఒకటే.

నా వంక చూసి
"టీ చెప్పేదా?" అన్నాడు.