బద్దపప్పు ఇంగ్లీషు

ఇంగ్లీషులోనే ఇంటరు తప్పింది దమయంతి.
అందికే దాన్ని మాస్టార్ని సేసినాం.
"ఆ గుమ్మానికి తల కొట్టుకున్నది నానే,
ఎక్కడ వొంగాలో నాకు తెల్సు" అన్నాది.

కాశీబుగ్గలో, బట్టీ పొగ సల్లారిన ఏల,
తొమ్మండుగురు ఆడోళ్ళం, ఒక్క జెరాక్సు పుస్తకం.
ముక్కాలిపీట బేంకు.
దాని మీద కూకున్నది మేనేజరు.
తవిటమ్మే మేనేజరు, కళ్ళజోడుంది కాబట్టి.

"మే ఐ కమిన్ సార్?"
"నో" అన్నాది తవిటమ్మ.
"అలగనకూడదే, పుస్తకంలో ఎస్ అనుంది."
"పుస్తకంలో మేనేజర్ని నువ్వు సూసినావేటి?
నాను సూసినాను. నో అంటాడు."

మరేటి సేస్తాం.
సంఘానికి పిక్కలు కొట్టే మిషను కావాల.
లోనిచ్చే బాబు కొత్తగా వొచ్చినాడు, తెలుగు రాదు.
మిషను సూడ్డానికి కొల్లాం ఎల్లాల,
అక్కడోళ్ళకీ రాదు.
మన మాట ఇచ్చాపురం దాటితే సెల్లని నోటు,
అటేపు రైలెక్కినా అంతే.

రైలు పాఠానికి మోహిని కూత ఏస్తాది.
"ఈజ్ దిస్ సీట్ వేకెంట్?"
నవ్వలేక సచ్చినాం.
మన పేసింజర్లో ఎవులైనా అలగడుగుతారేటి?
"సర్దుకోయే" అనీసి కూకుంటాం,
దిగీలోగా ఆళ్ళ పిల్లకి జొరం తగ్గిందో నేదో
అన్నీ తెల్సిపోతాయి.

నా నోట్లో ఇంగ్లీషు గుండుగా ఊడదు.
పిక్క కొట్టినట్టు కొడతాను,
"ఐ వాంట్" ఓ సెక్క, "మై పాసుబుక్" ఓ సెక్క,
మజ్జిలో "టు" నూకయిపోయి ఎక్కడో రాలిపోతాది.
గుండుకో రేటు, బద్దకో రేటు, నూకకో రేటు,
పందొమ్మిదేళ్ళుగా తూకం నాకు తెల్సు కదా.
"పాయసంలో పడ్డాక గుండేటి, బద్దేటి,
అననియ్యే" అన్నాది దమయంతి.

మంగళారం బేంకుకెల్లినాను,
కొల్లాం టిక్కెట్లకి డబ్బులు తీద్దామని.
"గుడ్ మార్నింగ్ సార్." గుండు.
"ఐ వాంట్ టు విత్‌డ్రా టూ థౌజండ్." గుండే!
లోపల్లోపల ఎగిరి గెంతినాను.
మిషను ముందుకి తోసినాడు. ఏలు పెట్టినాను.
ఎర్ర లైటు.
సీర కొంగుకి తుడిసి పెట్టినాను. ఎర్ర లైటు.
ఎడం సెయ్యి. ఎర్ర లైటు.
"నాట్ మేచింగ్" అన్నాడు.

పది పాఠాల్లోనూ ఆ మాట నేదు.

జీడి తినీసిన ఏళ్ళు ఇవి.
బూడిద రాసినా, ఆందం రాసినా
గీతలన్నీ నున్నగా నాకీసింది.
సంతకం రానోళ్ళని ఏలిముద్ర ఎయ్యమన్నారు.
ఏలిముద్ర నేనోళ్ళని ఏటెయ్యమంటారు?
అడగడానికి తెలుగే రానేదు నాకు, ఇంగ్లీషెక్కడ.
రెండు సేతులూ అద్దం మీద బోర్లా, ఎల్లకిలా పెట్టి
"కేషూ సార్" అన్నాను.
సూసినాడు. సానా సేపు సూసినాడు.
ఏదో పొడుగ్గా సెప్పినాడు గానీ
"టుమారో" ఒక్కటే సిక్కింది.
అది రెండో పాఠంలో ఉంది.

ఆ రాత్రి పుస్తకం ఎనక అట్ట మీద
పెన్సిల్తో పదకొండో పాఠం రాసింది దమయంతి.
తవిటమ్మ మోకాలు సాపింది, అదే మిషను.
ఏలు పెట్టినాను.
"నాట్ మేచింగ్. హూ ఆర్ యూ?"
"అనవే, ఇట్ ఈజ్ మీ."
"మీ అంటే?"
"మీ అంటే నేను."
మోహినికి కూతొచ్చినంత నవ్వొచ్చింది.
"ఒలమ్మా, ఆళ్ళ మాటలో నేనంటే మీ యా!
నా ఏలు, నా డబ్బు, నా పేరు...
'మీ' అన్నామంటే
ఆళ్ళదే అనుకుని అట్టీసుకుంటారేటో!"

"అందికే నొక్కి అనాల" అన్నాది దమయంతి.
నొక్కడానికి ఏలు పనికిరాదు కదా,
నోటితోనే నొక్కినాను.

ఇట్ ఈజ్ మీ.

"ఇంకోపాలి" అన్నాది తవిటమ్మ,
కళ్ళజోడు తియ్యకుండానే.