పానకాలరావు గారి నడుము కొలత

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
ఆయన మోపెడ్ దగ్గు వినపడగానే
నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుంటాను.
సూదులున్న నోరు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.
ఆయనకి జవాబుతో పని లేదు,
అది వేరే సంగతి.

పేరు పానకాలరావు. మంగళగిరి మొక్కు పేరు.
మాటా అంతే,
బెల్లం, మిరియం, పైన కాస్త యాలక్కాయ.
పుడక మాత్రం మనమే వెతుక్కోవాలి,
పదహారో పేజీలో, చీమతలకాయ అక్షరాల్లో.
మిషను కొన్న రోజున మొహమాటానికి ఒక పాలసీ తీసుకున్నాను.
పదకొండేళ్లయింది.
మొహమాటానికి మెచ్యూరిటీ ఉండదట.

"ఒక్క నిమిషం సలోమీ గారూ" అని స్టూలు లాక్కుంటారు.
ఆ ఒక్క నిమిషంలో
రెండు జాకెట్లకి హుక్కులు కుట్టేశాను ఒకసారి.
"దేవుడు చల్లగా చూడాలి గానీ..."
అక్కడ ఆగుతారు.
ఇన్నేళ్లలో ఒక్కసారి చావు అనలేదు.
జరగరానిది, అనుకోనిది,
మన చేతుల్లో లేనిది, ఆ తదుపరి...
ఆ ఒక్క మాటకి ఎన్ని తొడుగులు కుట్టారో!
నేను కుట్టిన దిండు గలీబులు అన్ని లేవు.

మార్చి వస్తే మరీను.
యార్డులో మిరప టిక్కీలు దిగే నెల,
ఆయన టార్గెట్టు గొంతు మీదకొచ్చే నెల.
గాలి ఘాటెక్కి,
సరిగ్గా "ఒకవేళ మీకేదన్నా" అనే చోట
నాకు తుమ్మొచ్చింది. ఒంటి తుమ్ము.
మాకు ఆ పట్టింపు లేదు. ఆయనకుంది.
ఫైలు మూసి, "ఆగండి, రెండోది రానివ్వండి" అని
స్టూలు అంచున కూర్చున్నారు.
నేను ముక్కు నొక్కుకుని
రెండోది రానివ్వలేదు.
ఆ ఏడు అలా గట్టెక్కాను.

మా ఆయన్ని అడగాలన్నాను.
మా ఆయన్ని అడిగి వచ్చారు.
షట్టరు సగం దించాను. వంగి వచ్చారు.
నంబరు బ్లాకు చేశాను.
వాళ్ల బావమరిది నంబరు నుంచి
శుభోదయం వచ్చింది, గులాబీతో సహా.
ఏం చెప్పను, గోడ పెచ్చు ఊడిన చోట
వేలాడుతున్నది ఆయనిచ్చిన క్యాలెండరే.
పాల లెక్క దాని మీదే రాస్తాను.

మొన్న మంగళవారం ఫైలు లేకుండా వచ్చారు.
కవర్లో రెండు ప్యాంట్లు.
"నడుం కాస్త లాగాలమ్మా."
నవంబరులో ముప్పై ఎనిమిదిని ముప్పై ఆరుకి లాగింది నేనే.
టేపు చుట్టాను.
ముప్పై రెండు.
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు.

నేనేమీ అడగలేదు.
"షుగరంట. ఇంకా ఏవో పరీక్షలు రాశాడు
కొత్తపేట డాక్టరు" అన్నారు ఆయనే, క్యాలెండరుతో అన్నట్టు.
"మరి మీకు... పాలసీ?"
ఆ మాట నా నోటి నుంచి వచ్చింది, చూడండి.
నవ్వారు.
"ఉండేదమ్మా. పోయినేడు కస్టమరు ఒకాయన ప్రీమియం ఆపేస్తానంటే
నాది ఆపి ఆయనది కట్టా.
టార్గెట్టు కదా."

వీధిలో మిరప లారీ పోయింది కాబోలు, ఘాటు లోపలికొచ్చింది.
ఈసారి తుమ్మింది ఆయన.
పట్టింపు లేని నేను
మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి
రెండోదాని కోసం కూర్చున్నాను.
చాలాసేపటికి ఏదో వచ్చింది.
తుమ్మో, దగ్గో, తెలియలేదు.

నిన్న రాత్రి ప్యాంట్లు లాగాను.
మిగిలిన గుడ్డ కత్తిరించలేదు.
మొత్తం లోపలే మడిచి, పొడుగు కుట్టు వేశాను,
గోటితో లాగితే ఊడొచ్చేలా.
కూర్చుంటే కాస్త ఒత్తుకుంటుంది.
ఒత్తుకోనీ.

పొద్దున్నే ఫోను, ఏదో కొత్త నంబరు.
"సలోమీ గారూ, ఒక్క నిమిషం,
ఏప్రిల్ నుంచి ఒక మంచి ప్లాను..."
"వద్దండీ" అన్నాను.
"ప్యాంట్లు అయిపోయినయ్.
వచ్చి తొడుక్కుని చూసుకోండి."