ముప్పైనాలుగు

మాస్కులతో చేరాం ఆరో తరగతిలో.
సగం ఏడాది ఒకరికొకరం కళ్లు మాత్రమే.
అవి తీసేసిన రోజు
జ్యోత్స్నవేణి పన్ను మీద పన్ను చూసి
క్లాసు క్లాసంతా నవ్వాం.
తను ఏడవలేదు.
"ముందు మీ ముక్కులు చూస్కోండి" అంది.
అప్పట్నుంచి తనే లీడరు.

కిటికీ గూట్లో పోర్టు దుమ్ము.
ఎర్రగా ఉంటే ఖనిజం, నల్లగా ఉంటే బొగ్గు.
గాలి ఎటు తిరిగిందో మా కాలర్లే చెప్పేవి.
తుడిచే వంతు ఎవరిదైతే వాళ్లు
తుడవబోయే ముందు వేలితో ఓ పేరు రాసేవారు.
ఎవరిదో మేం చదివేలోపే
గుడ్డ తిరిగిపోయేది.

పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు.
మధ్యలో కుట్టు దగ్గర మేం.
కిరణజన్య సంయోగక్రియ ఇటు నోరు తిరగదు
అటు అసలే తిరగదు.
సన్యాసిరావు మేస్టారు రెండు పేజీలూ మూసేసి
"ఆకు ఎండలో అన్నం వండుకుంటాదిరా" అనేవారు.
గనగళ్ల ఎల్లాజీ పరీక్షలో అదే రాశాడు.
సగం మార్కు పడింది.
ఆ సగం మార్కుకి వారం రోజులు
కాలరెగరేసుకు తిరిగాడు.

రేకుల మీద వాన పడితే పాఠం వినిపించదు.
మేస్టారు సుద్దముక్కతో మాట్లాడేవారు
మేం వేళ్లతో.
వాన ఉన్నట్టుండి ఆగేది.
ఆ నిశ్శబ్దంలో ఎవరిదో ఒక కేక
నడిమధ్యలో దొరికిపోయేది.
చాలాసార్లు అది నాదే.

వేట నిషేధం ఎత్తేసిన జూన్లో
ఎల్లాజీ వాళ్ల మావయ్య బోటెక్కాడు.
"ఒక్క ట్రిప్పేరా, పదిరోజుల్లో వచ్చీనా" అన్నాడు.
మేం పదో తరగతికి వచ్చాం.

రిజిస్టర్లో పేరు కొట్టెయ్యలేదు మేస్టారు.
ముప్పైమూడు. ప్రెజెంట్ సార్.
ముప్పైనాలుగు.
ఫ్యాను టిక్కుటిక్కుమనేది.
ముప్పైఐదు.
ముప్పైఐదు నేను.
ఆ ఖాళీ అయ్యాక నోరు తెరవాల్సింది నేనే.
ఏడాదంతా నా ప్రెజెంట్
కొంచెం ఆలస్యంగానే పలికింది.

ఒకసారి, ఆగస్టులో అనుకుంటా,
గేటు దగ్గర సంచీడు కానాగంతలు.
ఎవరిచ్చారంటే వాచ్‌మన్ భుజాలెగరేశాడు.
వంట పైడమ్మ ఏమీ అడగలేదు, కత్తిపీట వేసుకు కూర్చుంది.
ఆ మధ్యాహ్నం మా భోజనం
ఏ గోడ మీదా రాయని మెనూ.
వేళ్లు కడుక్కున్నా సాయంత్రందాకా
లెక్కల నోట్సు సముద్రం వాసనేసింది.

ఫోటో రోజు ఎండ ఎదురుగా.
ప్రహరీ మీంచి వెనక వేలెడు సముద్రం,
అందులో ఏదో నల్లచుక్క.
"వాడి బోటే" అన్నాడు మస్తాన్‌వలీ.
"అది డ్రెడ్జరురా" అన్నారు మేస్టారు.
"ఏదైతేనేం, అదీ పడాల, జరగండి" అంది జ్యోత్స్నవేణి.
జరిగాం.
"మధ్యలో ఆ సందేటి, మూసీండి" అని ఫోటోగ్రాఫరు అరుపు.
మేం మూయలేదు.
కాగితం మీద ఆ సందులో
ఒట్టి తెల్లటి వెలుగు పడింది.
మా కళ్లు కూడా సగం మూసుకునే ఉన్నాయి.

టీసీలిచ్చారు.
అందరి ప్రవర్తనా బాగుందట, ఒకే చేతిరాతలో.
డస్టరు దాచినవాడిదీ
దాచిందెవడో చెప్పినవాడిదీ.
మస్తాన్ కంచరపాలెం ఐటీఐ అంటున్నాడు
జ్యోత్స్నవేణి ఇంటరు, ఏ గ్రూపో ఇంకా ఇంట్లో తేలలేదు.
నాకు అడిగితే చెప్పడానికి ఒక జవాబుంది
అది నాన్నది.

అందినట్టు సంతకం పెట్టమన్నారు.
ముప్పైనాలుగో గడి ఖాళీ.
దాని కింద నాది.
గౌరీశు అని రాస్తే
రీ మీది గుడిదీర్ఘం
ఎప్పుడూ పొడుగ్గానే వస్తుంది నాకు.
గీత దాటి పైగడిలోకి పోయింది.
గుమాస్తా చూశాడు.
నేను కలం మూత పెట్టేశాను.