కూతవేటు

మా యూనివర్సిటీకి గంటస్తంభం లేదు.
గంట కొనాల్సిన డబ్బుతో
మొదటి ప్రెసిడెంటు ఎనిమిది ఆవుల్ని కొన్నాడట.
ఆ చలికాలం మూడు చచ్చాయి.
మిగిలిన ఐదింటి పాలమ్మి
కెమిస్ట్రీ మాస్టారికి జీతమిచ్చారు.

అందుకే ఇక్కడ క్లాసు వదిలేది కూత.
బాయిలర్ గదిలో ఇత్తడి ఈల,
తుక్కుకి పోతున్న రైలింజన్ నుంచి ఊడదీసింది.
గంటకు పది నిమిషాలు తక్కువలో
గొలుసు లాగేవాడు మా తాత ఆర్విడ్.
తర్వాత అమ్మ సోల్వేగ్. ఇప్పుడు నేను.
మాలో ఒక్కరూ పైన బెంచీ మీద కూర్చోలేదు,
మేం లాగితేనే బెంచీలు ఖాళీ అయ్యేవి.

కూతవేటు నేలంతా కాలేజీదే అనేవాడు తాత.
అంతకుముందు ఎవరిదో అనేవాడు కాదు.

డెబ్బై మూడులో లొరెట్టా గ్రేబుల్,
డకోటా వాళ్ల పిల్ల, మట్టి గురించి చదివేది,
మా వేడి పైపుకి వీపు ఆనించి అంది:
"ఈ నల్లరేగడి మూడడుగుల లోతని పరీక్షలో రాశాను.
మా వాళ్ల దగ్గర ఎకరం ఎంతకు లాక్కున్నారో
ప్రశ్నాపత్రంలో లేదు."
అమ్మ దగ్గర జవాబు లేదు. కాఫీ పోసింది.
ఆ పూట కూత రెండు నిమిషాలు ఆలస్యం.
లాగ్ పుస్తకంలో ఉంది,
కారణం రాయాల్సిన గడి ఖాళీ.

ఆ పుస్తకంలో ఇంకా ఉన్నాయి.
పద్దెనిమిది, అక్టోబరు: కూత లేదు, జిమ్ నిండా మంచాలు.
నలభై మూడు: తాత యుద్ధంలో,
అమ్మమ్మ చేతిరాత, గుండ్రంగా, భయంభయంగా.
అరవై ఒకటి: ఫుట్‌బాల్ గెలిచాం, పదమూడేళ్లకి!
పదకొండు కూతలు, ఆవిరంతా అయిపోయి
హాస్టళ్లకి చన్నీళ్లు.
ఫిర్యాదులు: ఒక్కటీ లేదు.

నిరుడు రాష్ట్రం డబ్బు కోసింది.
కూతకింత అని లెక్కగట్టారు,
టైము ఫోన్లలో ఉందిగా అన్నారు.
గోనెపట్టా కుక్కి
ఈల నోరు నేనే కట్టాను.

సోమవారం.
గేజిలో ముల్లు వణుకుతోంది.
చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను,
వాటినెక్కడ పెట్టుకోవాలో తెలీక.

గాలిగొట్టంలోంచి, ఎక్కడో పైనుంచి,
ఊఁ... అని ఒక గొంతు.
గొంతు ఇంకా మారుతున్న కుర్రాడెవడో, మధ్యలో పగిలింది.
ఇంకోటి. లైబ్రరీ మెట్ల మీద పదో ఇరవయ్యో.
మెట్లెక్కి బయటికొచ్చి చూశాను:
మంచులో ట్రాక్టర్ల ఇంజనీర్లు, నోటికి దోసిళ్లు అడ్డంపెట్టి.
నర్సింగ్ చదివే సొమాలీ పిల్ల హోదన్
ముసుగు సర్దుకుంటూ, నవ్వాపుకోలేక, కూస్తోంది.
శ్రుతి లేదు. పద్ధతి లేదు.
ఆఖర్న డెయిరీ కొట్టంలోంచి ఆవులు అందుకున్నాయి,
ఆ ఐదింటి సంతానమో కాదో
నాకు తెలీదు.

కిందికి దిగి పుస్తకం తెరిచాను.
తొమ్మిది నలభై తొమ్మిది. కూత పడింది.
ఒక నిమిషం ముందే, వెధవలు.
ఆవిరి ఖర్చు లేదు.