ఒకటి నుంచి ఐదు దాకా

శిక్షణ మూడో రోజు, అనంతపురంలో,
చలి పుట్టించే ఏసీ హాల్లో
ఒక కాగితం చేతికిచ్చారు.
"డిజిటల్ పరికరాల మీద మీ అవగాహన ఎంత?
ఒకటి నుంచి ఐదు దాకా
ఏదో ఒక అంకెకు సున్నా చుట్టండి."

పక్కన కుళ్ళాయప్ప చదవకుండానే నాలుగు చుట్టేశాడు.
ఐదైతే శిక్షణ ఇవ్వమంటారంట,
ఒకటైతే మళ్ళీ శిక్షణకు రమ్మంటారంట.

నా పెన్ను గాల్లోనే ఉంది.

ట్యాబ్ తెరవడం తెలుసు నాకు.
సర్వే నంబరు కొట్టి, చేను నడిమధ్య నిలబడి
ఉపగ్రహం నన్ను గుర్తుపట్టేదాకా
ఎండలో కదలకుండా ఉండడం తెలుసు.
మా ఊళ్ళో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో తెలుసు:
గుట్ట మీది గాలిమర కింద, రెండో మెట్టెక్కి
కూడేరు వైపు తిరిగితే రెండు గీతలు.
మారెక్క బొటనవేలు కొంగుతో తుడిచి, నూనె రాసి
నాలుగోసారికి ముద్ర పడేలా చేయడం తెలుసు.
ఆ వేలి గీతలు
యాభై ఏళ్ళ కలుపులో అరిగిపోయాయని
ఏ గడిలో నింపాలో తెలీదు.

మృగశిర కార్తెలో ఒక పొద్దున
ఇరవై రెండు మిల్లీమీటర్లు పడిందంది యాప్.
విత్తుకోవచ్చని ఊరందరికీ మెసేజ్ పెట్టాను.
పెన్నోబులేసు ఫోన్ తీయలేదు.
చేల్లోకి దిగి మడమతో మన్ను తవ్వి
పిడికెడు తీసి ఉండ చుట్టి
నడుమెత్తు నుంచి వదిలాడు.
పొడి పొడి అయింది ఉండ.

"వాన పడిండేది కూడేర్లో మేడమ్.
మనకు వాసన వచ్చిందంతే.
ఎద్దుకు ఒక కొమ్ము తడిసి
ఇంగో కొమ్ము తడవని సీమ ఇది.
నీ పలకకు ఎవురూ చెప్పల్యా?"

అప్పటికే
వన్నూరమ్మ ఆరు మూటల విత్తనకాయ
భూమిలో పోసింది.
పలకను నమ్మి కాదు. నన్ను నమ్మి.

అట్లని పలకను తిట్టనూ లేను.
శ్రావణంలో అదే పెన్నోబులేసు
పచ్చబడిన చిగురాకులు రుమాల్లో చుట్టుకొచ్చాడు.
ఇంకో చేతిలో మందుల అంగడివాడు అంటగట్టిన
రెండు వేల డబ్బా.
ఫోటో తీశాను. తిరిగింది, తిరిగింది,
తెగులు కాదు, ఇనుము లోపమంది.
అన్నభేది, కాస్త నిమ్మఉప్పు,
రెండు దఫాలు కొట్టమన్నాను.
వారానికి చేను రంగు తిరిగింది.
డబ్బా వాపసు ఇచ్చొచ్చి
"పలక సదువుకునిందే" అన్నాడు.
నన్ను కాదు, దాన్నే మెచ్చుకున్నాడు.

కాగితాలు ఏరుకుంటూ వరుస దగ్గరికొచ్చింది.
మూడు చుట్టాను.
మూడంటే ఏమిటో నన్నడగద్దు.

అప్పుడే ఫోన్ వణికింది. వన్నూరమ్మ.
మొలవని శెనగ చేలో
అప్పు తెచ్చి ఉలవలు చల్లింది పోయిన వారం.
వరండాలోకి పరిగెత్తాను.
ఇక్కడ ఐదుకు ఐదు గీతలు,
ఆమె ఊపిరి కూడా వినిపిస్తోంది.

"మేడమ్, ఆడేమన్నా మోడమేసిందా?"

ట్యాబ్ లోపల బల్ల మీదే ఉంది.
నేను కిటికీ పరదా పక్కకు లాగి
తల బయట పెట్టాను.