కిటికీ సంచులు

చిక్‌పేటలో మీటరు లెక్కన కొన్న ప్లాస్టిక్
మిషను పాదానికి అంటుకుని కదలనంటుంది.
నడుమ నిన్నటి క్యాలెండరు కాగితం వేసి
నెమ్మదిగా కుడతాను.
గుడ్డ కాదిది, తప్పు కుట్టు విప్పినా
సూది పొడిచిన కన్ను పూడదు.

ఆఖరి అంచు కుట్టే ముందు
జిప్పు సగం తెరిచి ఉంచాలి.
మొదటిదానికి మరిచాను,
తిరగెయ్యడానికి లేక
లోపలే బయటై ఉండిపోయింది.

మొత్తం పద్నాలుగు.
చెమ్కీలు, జరీ చుట్టలు, ఆవగింజంత పూసలు
కిటికీల్లో కూర్చున్నాయి.

మగ్గం మీంచి లేచొచ్చాడు దస్తగిరి మామ,
ఇరవయ్యేళ్లుగా రేకు డబ్బా ఆడించి
ఏ పూసో చెప్పేసే మనిషి.
ఒక సంచి తీశాడు. చూడలేదు.
చెవి దగ్గర ఊపాడు.
మళ్లీ ఊపాడు.

"ఏం పాపా, ఇది పలకదేం?"