పెంకు, పొర

సి-ఆర్మ్ తిప్పేవాణ్ణి నేను.
కత్తి పట్టను, సూది పట్టను.
ఏడు కేజీల సీసపు కోటు తొడుక్కుని
"షాట్" అన్నప్పుడు కాలితో పెడల్ నొక్కుతాను.
పదమూడేళ్ళుగా అమలాపురంలో
మనుషుల నడుముల్ని నలుపు తెలుపుల్లో చూస్తున్నాను.

నూకరత్నం డాక్టరు మొదటిరోజు
జానెడు కోత నేర్పుతారనుకుని వచ్చింది.
పెద్ద డాక్టరుగారు ఆవిడ అరచేతిలో
అనపర్తి గుడ్డొకటి పెట్టారు.
"డ్రిల్లుతో పెంకు తియ్యమ్మా.
లోపలి పొర చిరిగిందంటే
వెన్నులో నీరు కారినట్టే లెక్క."

బల్లంతా సొన.
మళ్ళీ సొన.
ఆ నెలంతా వార్డుబాయ్ శ్రీహరిరావు ఇంట్లో
పూటపూటా గుడ్డట్టే.

ముప్ఫై ఎనిమిదో గుడ్డుకి
రూపాయి బిళ్ళంత కిటికీ తెరుచుకుంది.
కిటికీలో పొర,
ఊపిరి తగిలితే వణుకుతూ, చెక్కుచెదరకుండా.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"ఇంకోటి" అన్నారు పెద్దాయన.

తర్వాత మేక వెన్నుపూసలు.
ఆదివారం కొట్టు కట్టేశాక మస్తాన్
అరిటాకులో చుట్టి తెచ్చేవాడు.
బొటనవేలంత గొట్టం.
దాంట్లోంచే చూపు వెళ్ళాలి, వెలుగు వెళ్ళాలి,
డ్రిల్లూ చిమటా వెళ్ళాలి,
చెయ్యి మాత్రం గుమ్మం బయటే ఆగాలి.
"కండని కొయ్యకు. తప్పుకోమని అడుగు,
రావులపాలెం బస్సులో అడిగినట్టు."

వేసవిలో కాలువ కట్టేసినరోజు
మేడమీంచి చూపించారు:
అడుగు తేలిన బురదలో పొక్లెయిన్,
గట్టున పూడిక కుప్పలు.
"వాళ్ళకేం, నీళ్ళాపేసి దిగుతారు.
మనం పారే కాలువలో దిగాలి."

శ్రావణంలో వచ్చింది మట్టపర్తి అచ్చియ్యమ్మ.
ముప్ఫయ్యేళ్ళ ఊడ్పులు.
ఎడమకాలు మంటెత్తి నేలకి ఆనడంలేదు.
నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య
డిస్కు జారి నరాన్ని తొక్కేసింది.

ఆ రోజు పెద్దాయన చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు.
"షాట్."
అది నూకరత్నం గొంతు.
నొక్కాను.

అందరూ తెర చూస్తారు.
పెడల్ దగ్గరుండేవాణ్ణి, నేను కాళ్ళు చూస్తాను.
భయపడే డాక్టర్లకి చెప్పుల్లో వేళ్ళు ముడుచుకుంటాయి.
ఆవిడవి విచ్చుకుని ఉన్నాయి,
మడిలో దిగినవాళ్ళ వేళ్ళలా.

పొర వణికింది.
చిరగలేదు.
చిమటా కొసన
పీత గుజ్జులాంటి తెల్లటి ముక్క.

మర్నాడు అచ్చియ్యమ్మ గోడదాకా నడిచి, తిరిగొచ్చి
వెనక్కి చెయ్యి పెట్టి ప్లాస్టరు తడుముకుంది.
"ఇంతేనేంటండీ? దీనికా
అన్ని సంతకాలు పెట్టించుకున్నారు?"
"ఆరు వారాలు వంగకూడదు" అంది నూకరత్నం.
"ఆకుమడి ముదిరిపోద్దండీ" అందావిడ.
దానికి ఎవరి దగ్గరా
ఏ గొట్టమూ లేదు.

కోటు విప్పి మేకుకి తగిలించాను.
నా నడుం కలుక్కుమంది.
ఎవరికీ చెప్పలేదు.
సోమవారం ఇద్దరు కొత్త డాక్టర్లొస్తారట.
గుడ్లు రెండు ట్రేలు
చెప్పి ఉంచమన్నారు.